పావు తక్కువ మూడు

పదకొండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పన్న అన్న మలేషియాలో పుట్టిన తెలుగువాడు, మాట చివర ఊరికే 'లా' తగిలిస్తాడు. సరిహద్దుకు ఇవతల ఆంగ్ మో కియో పేటలో మా ఇద్దరిదీ ఒకే వర్క్‌షాపు. ఆదివారాలు ఆయన డీజిల్ పికప్‌ను సరిహద్దు దాటించి మలేషియాలో పందేలకు తీసుకెళ్లేవాళ్లం. తోలేది ఆయన, లెక్కలు నావి. టైరు చుట్టుకొలత, గేర్లు, ఇంజను చుట్లు, అన్నీ నోటుబుక్కులో వేసుకునేవాణ్ణి. ఎవరూ నేర్పింది కాదు. తారు మీద కాలిన రబ్బరు వాసన, ఫ్లాస్కులో ఆయన తెచ్చే తియ్యటి కాఫీ... ఆ పొద్దుటిపూటలు ఇప్పటికీ ముక్కుకు తగులుతాయి.

బండి కదిలేటప్పుడు ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య నూనె జారుతూ ఉంటుంది. ఊపందుకున్నాక లోపలి క్లచ్ ఆ రెండింటినీ కలిపి బిగించాలి. అదే లాకప్. తొందరపడితే షాఫ్ట్ విరుగుతుంది. అన్న ఇంజను చప్పుడు విని, సమయం చూసి బొటనవేలితో బటన్ నొక్కేవాడు. నేనే పోరు పెట్టి, సెకన్లు లెక్కపెట్టి తనంతట తానే బిగించే పెట్టెను అమర్చాను.

"పావు తక్కువ మూడు పెట్టు తంబీ. సుమ్మా, ఊరికే ఆలోచించకు" అన్నాడు ఆరోజు, హెల్మెట్ తగిలించుకుంటూ.

నా అంకెలన్నీ ఇంగ్లీషువి. పావు అనగానే ఇరవై అయిదు అనుకున్నాను, మూడుకు తక్కువ అనగానే రెండు. 2.25 పెట్టాను. అర సెకను ముందు.

షాఫ్ట్ విరిగింది.

పావు తక్కువ మూడంటే 2.75 అని అప్పుడు వెలిగింది. అందరికంటే ముందు నేనే పరుగెత్తాను. అన్న దిగి బండి కిందికి వంగి చూస్తుండగా, డ్యాష్‌బోర్డు కింది పెట్టెను 2.75కు తిప్పేశాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

"పెట్టెలో ఎంతుంది తంబీ?"

"పావు తక్కువ మూడే, అన్నా."

ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు. పెట్టె వచ్చాక కూడా అలవాటుకొద్దీ అది పాత బటన్ మీదే ఉండేది. "అయితే ఈ ముసల్దే ముందుగా నొక్కేసింది లా. ఇక చాలు."

మళ్లీ పందెంలో కూర్చోలేదు.

నిజం చెబితే ఏమయ్యేది? నవ్వేవాడేమో, నాలుగు తిట్టి కొత్త షాఫ్ట్ వేసేవాడేమో. లెక్కల్లో తప్పడన్న పేరు తప్ప నాకు వేరే ఏముందని, దాన్ని కాపాడుకోవడానికి ఆయనకున్న ఒకే ఒక్క నమ్మకాన్ని తీసుకున్నానా?

ఇప్పటికీ ఒకే బస్సులో ఇళ్లకు వెళ్తాం. స్టాపు దాటిన కాసేపటికి కింద గేర్‌బాక్సు బిగుసుకుని చిన్న కుదుపు వస్తుంది. ఎవరూ పట్టించుకోరు. సరిగ్గా అప్పుడే ఆయన బొటనవేలు మోకాలిని నొక్కుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

"బస్సుకైతే కరెక్టుగా నొక్కుతుంది చూడు తంబీ. పందెంలోనే మోసం చేసింది" అన్నాడు నిన్న, నవ్వుతూ. నేను కిటికీ వైపు తిరిగాను.

మోసం చేసింది వేలు కాదు. 2.25. పెట్టింది నేను.

ఆ అంకెను దిద్దకుండా రాయడం ఇదే మొదటిసారి.