వినాయకుడి ఎత్తు నాలుగు సెంటీమీటర్లు

లెక్క తప్పినప్పుడు మీరు ముందు తీసేది కొలబద్దనా, పంచాంగాన్నా?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలోని ఒక ప్రైవేటు సర్వే సంస్థలో డేటా విభాగం సీనియర్ ఇంజనీరుగా చేరాను. జీపీఎస్ రిసీవర్లు ఉపగ్రహాల నుంచి పట్టిన ముడి ఫైళ్లు ఒక్కో కంపెనీవి ఒక్కో సంకేతంలో ఉంటాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేరైనా చదవగల రైనెక్స్ అనే ఉమ్మడి రూపంలోకి మార్చడం మా పని. మార్చేటప్పుడు యాంటెనా ఎత్తు చేర్చాలి. అంటే నేలలో దిగ్గొట్టిన ఇత్తడి మేకు నుంచి, ముక్కాలి స్టాండు మీది యాంటెనా దాకా ఉన్న దూరం. ఆ అంకె ఫీల్డు బృందం పంపుతుంది, ఆపరేటర్ సలోమి టైపు చేస్తుంది.

బన్సీలాల్‌పేట్ మురుగు కాలువ పనిలో మొదటి పాయింటే తేడా వచ్చింది. అంతకుముందు లెవెలింగ్ పరికరంతో కొలిచిన ఎత్తుతో పోలిస్తే అక్కడి నేల నాలుగు సెంటీమీటర్లు పైకి లేచింది. మేనేజరు సన్యాసిరావు గారిది విజయనగరం, చదివింది ఎం.టెక్.

"ఏటమ్మా, రాహుకాలంలో మార్చీసినావేటి?" అని సలోమిని నిలదీశారు.

మంచి ఘడియ చూసి మళ్లీ మార్పించారు. అదే నాలుగు. కంప్యూటరు ముందు టెంకాయ కొట్టించి ఇంకోసారి మార్పించారు. అదే నాలుగు. దోషం ఫైల్లో లేదు, మనిషిలో ఉందని తేల్చి, వారాంతానికి ఆమెను తీసేస్తానన్నారు.

"ప్రార్థన చేయమంటే చేస్తాను సార్. కానీ భూమిని నాలుగు సెంటీమీటర్లు దించమని దేవుణ్ని ఎలా అడగాలో నాకు తెలీదు" అంది సలోమి.

నేను ఆ మేకు దగ్గరికి వెళ్లాను. దాని నెత్తిన పసుపు ఎండిపోయి ఉంది. ఇదేమిటని ఫీల్డు బృందాన్ని నడిపించే యాదగిరిని అడిగాను.

"పూజ లేకుంట కొత్త పని షురూ చేస్తమా సార్? మేకు మీద పసుపు వినాయకున్ని పెట్టినం."

మరి ఎత్తు ఎక్కడి నుంచి కొలిచారన్నాను.

"దేవున్ని కదిలిస్తమా? ఆయన నెత్తి మీదికెళ్లి కొలిచినం. జెరంతే కద, దానికే పరేషానా?"

అలాంటి వినాయకుణ్నే మళ్లీ చేయించి స్కేలు పెట్టాను. నాలుగు సెంటీమీటర్లు. ఆ మేరకు యాంటెనా ఎత్తు పెంచి, కావాలనే రాహుకాలంలో, సలోమి చేతనే ఫైలు మార్పించాను. నేల యథాస్థానానికి దిగింది.

సన్యాసిరావు గారు తెరకు దండం పెట్టారు. "స్వామి శాంతించీసినాడండీ" అన్నారు. సలోమి ఉద్యోగం నిలిచింది. మేకు మీద పూజ ఆగలేదు. మరుసటి నెల నుంచి ఫీల్డు ఫారంలో కొత్త గడి వచ్చింది: 'వినాయకుడి ఎత్తు.' అది మేనేజరు సంతకంతోనే అమల్లోకి వచ్చింది.

ఆ ఉదంతం నేర్పింది ఇది. యంత్రం మనం ఇచ్చిన అంకెనే మారుస్తుంది, ముహూర్తాన్ని చదవదు. తప్పుకు కారణం వెతకడం మానేసిన ఆఫీసు, ఎదురు చెప్పలేని మనిషిని వెతుక్కుంటుంది. రేపు మీ ఆఫీసులో ఎవరి అడుగో మంచిది కాదని ఎవరైనా అంటే తల ఊపకండి. కొలిచే టేపు ఎక్కడ పెట్టారో అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.