జవాబు వినని జోహార్

నా చిన్నప్పుడు మేం తెలుగు నేలకు అవతల, అడవుల మధ్య ఇనుప గనుల ఊరైన బచేలిలో ఉండేవాళ్ళం. పక్కింటి మావయ్య ఇనుప ఖనిజం మోసే రైళ్ళలో గార్డు, విజయనగరం వైపు మనిషి. అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం ఆయన సంచిలో ఎప్పుడూ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో వెలిగిన ఒక నాయకుడి జీవితం అది. ఆయన పేరుకు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ గుర్తులేదు.

ఎనిమిదో తరగతిలో స్కూలు కెప్టెన్ ఎన్నికకు నిలబడ్డాను. కెప్టెన్ అయితే వరండాలో వేలాడే రైలుపట్టా ముక్కను కొట్టి గంట మోగించవచ్చు. అందుకోసం నిద్రాహారాలు మానేశాను. నా అవస్థ చూసి మావయ్య ఆ నాయకుడి కథ ఎత్తుకున్నారు. ఆయనది బొగ్గు గనుల ఊరట. నానా దేశాల కూలీలుండేవారట. ఎవరి భాషలో వాళ్ళను పలకరించి, వాళ్ళ వంటింట్లో కూర్చుని, మెట్టు మెట్టుగా దేశపు చట్టసభకు చేరాడట.

ఇంకేం, మర్నాడు స్కూలంతా తిరిగేశాను. మా ఊరి పిల్లలకు నాలుగు భాషలు మంచినీళ్ళ ప్రాయం. గోండు పిల్లలకు వాళ్ళ పలకరింపు జోహార్, మిగతావాళ్ళకు నమస్తే, ఎలా ఉన్నావని అడగడం, పక్కవాళ్ళ దగ్గరకు పరుగెత్తడం. సాయంత్రం గొప్పగా చెప్పుకుంటే మావయ్య నవ్వలేదు.

“అందర్నీ అడిగినావు, బాగుంది. మరి ఆల్లేటన్నారే?”

నాకు ఒక్కరి జవాబూ గుర్తులేదు. అప్పుడు, అంతవరకూ దాచిన సగం కథ చెప్పారు. పదవి పెరిగాక ఆ నాయకుడు కదిలే బండిలోంచే టోపీ ఊపి క్షేమం అడిగేవాడట. జవాబుకు ఆగేవాడు కాదట. చివరికి సొంత ఊరే ఓడించిందట. మర్నాడు మళ్ళీ ఆ వంటిళ్ళకే నడిచి వెళ్ళాడట.

సిగ్గుపడుతూనే మళ్ళీ తిరిగాను. ఈసారి నిలబడి విన్నాను. హాస్టల్లో ఉండే గోండు పిల్ల ఒకతి, “ఖానా ఖాకే ఆతే ఆతే ఘంటీ బజ్ జాతీ హై,” అంది. హాస్టల్‌కు నడిచి, తిని వచ్చేసరికి మధ్యాహ్నం గంట కొట్టేస్తున్నారు, రోజూ వాళ్ళకు హాజరు పోతోంది. ఏడాదిగా నా పక్క వరుసలోనే కూర్చుంటున్న పిల్ల. నేనెప్పుడూ అడగలేదు.

ఎన్నికలో ఓడిపోయాను. ఇంటికొచ్చి గుక్కపట్టి ఏడుస్తూ, ఇక ఆ హాస్టల్ గొడవ నాకెందుకన్నాను.

“ఓడిపోతే సెవులు గూడా పోనాయేటే?” అన్నారు మావయ్య.

ఆ మాటకు రోషం వచ్చింది. మర్నాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. ఆయన అంతా విని ఒప్పుకున్నారు. గెలిచిన అబ్బాయే ఆ మధ్యాహ్నం గంట కొట్టాడు, పది నిమిషాలు ఆలస్యంగా. అప్పటికి హాస్టల్ పిల్లలంతా వరుసలో ఉన్నారు. అంత తీయగా ఆ గంట నాకెప్పుడూ వినిపించలేదు.

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరినైనా బాగున్నారా అని అడిగితే వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా అక్కణ్ణించి కదలను. నాతో బజారుకు రావాలంటే మా ఇంట్లోవాళ్ళకు హడల్.