అండాలమ్మ చెప్పిన ధర

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్ల కింద మక్క కంకులు కాల్చి అమ్మే అండాలమ్మకు బొటనవేలి గోరే గీటురాయి. కంకి ఆకు కొంచెం ఒలిచి గింజలో గోరు దించుతుంది. పాలు చిమ్మితే లేత, చిమ్మకపోతే ముదురు. పన్నెండేళ్ళుగా ఆ గోరు తప్పు చెప్పలేదని తోటి బండ్లవాళ్ళు ఎనమండుగురూ ఒప్పుకుంటారు. కంకుల లోడు ఏది వచ్చినా ఆమె ఎంతంటే అంత.

అంతకుముందు ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. మూడెకరాల్లో మక్క వేసేవాళ్ళు. చివరి పంట గింజలు ఎండబోసి మార్కెట్ యార్డుకు తోలితే, వ్యాపారి ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి, తుపుక్కున ఉమ్మి, "పచ్చిగున్నయి" అన్నాడు. ఆ ఒక్క మాటతో క్వింటాలుకు మూడు వందలు కోసేశాడు. ఇదేం అన్యాయమని అడిగితే, "మార్కెట్ గట్లుంది, నేనేం జేయాలె" అన్నాడు. యార్డులోనే మళ్ళీ ఎండబోశారు. మూడో రోజు వాన పడింది. ఇక వాడు ఇచ్చిందే పుచ్చుకుని, ఖాళీ సంచులు చంకన పెట్టుకుని ఇంటికొచ్చారు. నెల తిరిగేసరికి ధర రెట్టింపయింది. అప్పటికి గింజలు వ్యాపారి గోదాములో ఉన్నాయి. ఆ రోషంతోనే మొగుడు సైదులు పొలం కౌలుకిచ్చి, చంపాపేట్‌లో వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ వ్యాపారి నోట్లో పురుగులు పడాలని అండాలమ్మ ఇప్పటికీ తిడుతుంది.

మొన్న ఆషాఢంలో తమ్ముడు లింగస్వామి ఫోన్ చేస్తే గొప్పకు పోయి, "ఈడ కంకి ముప్పై రూపాలకు పోతుంది తమ్మీ," అంది. కాల్చి, ఉప్పూ కారం నిమ్మకాయా రాసిన కంకి ధర అది. తను ఎంతకు కొంటుందో మాత్రం చెప్పలేదు.

ఎండేదాకా ఆగితే యార్డులో తేమ పేరు చెప్పి కోస్తారని, లింగస్వామి చేను పచ్చిగా ఉండగానే విరిచేశాడు. రెండు వేల కంకులు సంచులకెత్తి, కిరాయి ట్రాలీ ఆటోలో వేసుకుని, ఎల్బీనగర్ దాటి నేరుగా అక్క బండి దగ్గర దిగాడు.

"పది సొప్పున ఒస్తే సాలు అక్కా. కాలిపోయిన బోరు మోటరు చేయించుకుంట," అన్నాడు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఊళ్ళకు ఊళ్ళే కంకులతో నగరం మీద పడ్డాయి. కర్మన్‌ఘాట్‌లో లారీ నిలబెట్టి నాలుగు రూపాయలకే ఇస్తున్నారు.

బండ్లవాళ్ళు ఆటో చుట్టూ చేరి అండాలమ్మ మొహం చూశారు. ధర మార్కెట్టే చెబుతుందని చదువుకున్నవాళ్ళు అంటారు. మార్కెట్‌కు నోరెక్కడ ఉంది? ఎవరో ఒక మనిషి చెప్పాలి. లేతవంటే ఎనిమిదైనా పెట్టాలి. వీళ్ళు పెట్టరు, లారీ దగ్గరికి పోతారు. రెండు వేల కంకులూ ఆమె నెత్తిన పడి రెండు రోజుల్లో వాడిపోతాయి.

గోరు దించింది. పాలు చిమ్మి వేలి మీద కారాయి. బొటనవేలు కొంగుకు తుడుచుకుని, "ముదిరినయి. నాలుగు," అంది.

లింగస్వామి గొంతు పెంచలేదు. "ఆనాడు బావయి పచ్చిగున్నయన్నరు. ఇయ్యాల నాయి ముదిరినయా, అక్కా?"

"మార్కెట్ గట్లుంది తమ్మీ, నేనేం జేయాలె."

ఆ మాట ఎవరిదో నోటి నుంచి వచ్చాక గుర్తొచ్చింది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. అయినా ధర మార్చలేదు. గంటలో ఆటో ఖాళీ అయింది.

సాయంత్రం ఒక పెద్దమనిషి బండి దగ్గర నిలబడి కంకి కొరికి, "ఎంత లేతగా ఉన్నాయండీ. ఏ ఊరివమ్మా ఇవి?" అని అడిగాడు.

పుట్టింటివని చెప్పడానికి అండాలమ్మకు నోరు రాలేదు.

"ఏ ఊరియో తెల్వదు సార్. ముప్పై ఇయ్యుర్రి," అంది.

బండి పక్కనే కూర్చున్న లింగస్వామి ఖాళీ సంచులు మడిచి చంకన పెట్టుకుని, ఊరి బస్సుకు లేచాడు.