తునికాకు మీద అక్షరం

ఇవాళ ఎల్లారెడ్డిలో యూరియా బస్తాల వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మన ఊరి మహిళా సంఘం గది గుర్తుందా, నేస్తం? పొద్దున మన రెండో తరగతి, మధ్యాహ్నం బీడీలు చుట్టే మన అమ్మలకు చదువు. దాన్ని ఎరువుల గోదాము చేసిన రోజు, బస్తాలు దించుతుంటే మా అమ్మ రాజవ్వ టీచరమ్మ కొంగు పట్టుకుంది.

"నా పేరుల రా, జ వచ్చినయమ్మా. ఆఖరుది జర రాసియ్యి."

మా ఇంట్లో బడికెళ్లేది నేనొక్కదాన్నే. అప్పటికి నాకూ ఒత్తులు రావు. టీచరమ్మ, అమ్మ చాటలో బీడీలకని ఉన్న తునికాకు మీద గోటితో 'వ్వ' గీసిచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ పరధ్యానంగా దాన్నీ బీడీ చుట్టేసింది. ఇద్దరం కట్టలన్నీ విప్పి వెతికినా దొరకలేదు.

తర్వాత నేను ఒత్తులు నేర్చుకున్నాను. నేర్పబోతే అమ్మ ఇప్పటికీ చెయ్యి లాక్కుంటుంది.

"గా ఆకు నా చేతులతోనే చుట్టిన బిడ్డా. ఇగ నాకు రాదు."

ఆమె సంతకం 'రాజ' దగ్గరే ఆగిపోతుంది.