నాటికలో మావ చెంబు

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు నీళ్లే కారణమని కొందరు, ఎండలో చేసే తోట పని కారణమని కొందరు అనుకుంటున్న రోజులవి. మా క్రైస్తవ సంఘంలో మాత్రం మూడో కారణం కూడా వినిపించేది. రోగి ఏదో పాపం దాచుకున్నాడట.

మాది పలాసకు తూర్పున, సముద్రానికి దగ్గరి ఊరు. చిన్న రేకుల మందిరం, ముప్పై నలభై కుటుంబాలు. నాకు చిన్నప్పుడు వాక్యాలు కంఠస్థం చేయించిన ఒక పెద్దాయన ఉండేవాడు. వరసకు మావ. రెండు వేల నాలుగైదు ప్రాంతంలో ఆయనకు ఆ జబ్బు వచ్చి కాళ్లు వాచాయి. విశాఖపట్నం ఆసుపత్రిలో చూసి, రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని కొలత చెప్పి పంపారు. అత్త పొద్దున్నే ఆ కొలతకు ఒక ఇత్తడి చెంబు నింపి మంచం పక్కన పెట్టేది. పడుకునే దాకా అవే నీళ్లు. గుక్క తాగినప్పుడల్లా మావ చెంబు వంచి, ఇంకెన్ని ఉన్నాయో చూసుకునేవాడు.

ప్రతి గురువారం మేం కొందరం ఆయన ఇంటికి వెళ్లి ప్రార్థన చేసేవాళ్లం. ఒకసారి సంఘ పెద్ద మావ చెయ్యి పట్టుకుని, "దాసిన పాపం ఏదైనా ఉంటే ఒప్పేసుకో బావా. స్వస్థత అదే వత్తాది" అన్నాడు. మావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నీతిమంతులు కూడా మంచాన పడ్డారని లేఖనాలు చదివినవాడికి తెలియదా? కానీ సంఘ పెద్ద ముఖం మీద ఆ మాట అనలేకపోయాను. క్రిస్మస్ నాటిక రాసే పని నాదే కనుక, అందులో అందామనుకున్నాను.

నాటికలో ఒక రోగి, చూడవచ్చిన ముగ్గురు. ఒకడు, "మందిరానికియ్యాల్సిన దశమభాగం ఎగ్గొట్టినావేటి మావా?" అంటాడు. రెండోవాడు కొబ్బరిబొండాలు తెచ్చి, "నీల్లు తాగొద్దన్నారు గానీ బొండం తాగొద్దన్నారేటి?" అంటాడు. మూడోవాడు రోగి మంచం మీదే కూర్చుని, కాళ్లు చాపుకుని పాపాల జాబితా చదువుతాడు. రోగి కష్టం చూసి జనం కంటతడి పెట్టాలని, ఆ పాత్రధారి చేతికి ఇత్తడి చెంబు ఇచ్చాను. గుక్క తాగి వంచి చూసుకోమన్నాను.

క్రిస్మస్ మధ్యాహ్నం ఆరాధన అయ్యాక ఆడారు. ముగ్గురి మాటలకు అక్కడక్కడా నవ్వారు. రోగి చెంబు వంచి లోపలికి చూడగానే మందిరమంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. అది ఎవరి చెంబో ఊళ్లో అందరికీ తెలుసు. మావ అక్కడే, ఆయన కోసం వేసిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్త భుజం పట్టుకుని లేచి, నాటిక అవకముందే వెళ్లిపోయాడు.

సంఘ పెద్ద వచ్చి నా వీపు తట్టాడు. "బాగా రాసినావు బాబూ. ఇలాటోల్లు ఉంతారు."

తర్వాతి ఆదివారం మావ ఆరాధనకు రాలేదు. సాయంత్రం ఒక్కడినే వాళ్లింటికి వెళ్లాను.

"మావా, నాను నిన్ననలేదు. నిన్ను పాపివన్నోల్లని అన్నాను."

"తెల్సు. నాకు సదువొచ్చు గదా."

"మరి రాలేదేటి?"

ఆయన మంచం పక్కనున్న చెంబును దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ సెంబు ఎప్పుడు సూసినావు?"

"ప్రార్థనకొచ్చినప్పుడు."

"అందరూ కళ్లు మూసుకున్నప్పుడు గుక్క తాగీవోడిని. ఎవరూ సూడరని. నువ్వూ కళ్లు మూసుకున్నావనుకున్నాను."

అత్త గుమ్మం దగ్గర నిలబడి, "ఇంక గురువారాలు రావొద్దని సెప్పు బాబూ, అందరికీ" అంది.

ఆ ఇంట్లో ప్రార్థన అలా ఆగిపోయింది. మా పాస్టరు గారు రెండుసార్లు వెళ్లి గుమ్మంలోంచే తిరిగి వచ్చారు. నేను ఆ తప్పు దేవుని ముందు ఒప్పుకున్నాను, ఆయన క్షమించాడని నమ్ముతున్నాను. మావను మాత్రం క్షమించమని అడగలేకపోయాను. మావ ఉండే వీధిలోకి వెళ్లడం మానేసి, జీడితోట వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడిని.

వానలు మొదలయ్యాక మావ పోయాడు. చివరి నెలల్లో ఆయన పక్కన కూర్చుని ఒక వాక్యం చదివినవాళ్లు లేరు. సమాధి దగ్గర టెక్కలి నుంచి వచ్చిన వేరే పాస్టరు ప్రార్థన చేశారు. మట్టి వేసి వస్తుంటే సంఘ పెద్ద నా పక్కన నడిచాడు.

"సూసినావా? ఆరు నెల్లు మందిరం గడప తొక్కలేదు. నానన్నాను గదా, ఏదో ఉందని."

మావ ఎందుకు రాలేదో ఆయనకు చెప్పాల్సింది నేనే. వెనక వస్తున్నవాళ్లు నలుగురు వింటున్నారు. తల వంచుకుని నడిచాను.