వెనకింటి నేల, మా ఇంటి నారు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే టార్నీట్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. కొత్త ఇంట్లోకి వెళ్ళి ఆరు నెలలైంది. పెరడంటే బట్టలారేసుకునే చోటని ఇన్నాళ్ళూ అనుకున్న పిల్ల, ఉన్నట్టుండి టమాటాలూ మిరపకాయలూ పెంచుతానంటోంది. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే అదీ నా తెలుగంతా శ్రద్ధగా విని జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. "మమ్, ఈజ్ ఇట్ టూ ఎర్లీ ఫర్ చిల్లీస్?" అనడిగింది. జూలై ఆఖరు, ఇక్కడ నడిచలికాలం, కిటికీ అవతల గాలి ఈలలేస్తోంది. సరిగ్గా ఇదే అదనని చెప్పాను. మిరప గింజ బద్ధకస్తురాలనీ, మొలవడానికి మూడు వారాలైనా తీసుకుంటుందనీ, టమాటా వారం తిరక్కుండానే తలెత్తుతుందనీ, రెంటికీ ఇంట్లో వెచ్చటి చోటే నారు పోసి, నవంబరులో గుర్రప్పందాల సెలవు దాటాక నేలలో నాటాలనీ చెప్పాను. అంతా రాసుకుని, ఫోన్ పెట్టేయబోతూ, "లేబుల్స్ రాసేది బ్యాక్ ఆంటీ కదా? షీ హ్యాడ్ సచ్ నైస్ రైటింగ్" అంది. అవునన్నాను. ఆ తర్వాత చాలాసేపు చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

బ్యాక్ ఆంటీ అంటే మా వెనకింటి ఆవిడ. ఆమె సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి దిక్కుల సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ళ క్రితం పాయింట్ కుక్‌లో ఈ ఇల్లు కొనేటప్పుడు మా ఆయన ఈశాన్యం, ఆగ్నేయం అంటూ ఫోన్లో దిక్సూచి పెట్టుకుని గదిగదీ తిరిగాడు గానీ, భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశంలో ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుందన్న చిన్న విషయం మా ఇద్దరికీ తట్టలేదు. మాది ఉత్తరముఖం ఇల్లు. వాకిట్లో ఆయన ప్రాణంగా పెంచుకున్న పచ్చిక మీద ఎండంతా కాస్తుంది. పెరడు మాత్రం ఇంటి నీడలో మగ్గుతూ ఉంటుంది. గుంటూరు వైపు మిరప చేల మధ్య పెరిగినదాన్ని, మొదటి రెండేళ్ళూ ఆ పెరట్లో నాచు తప్ప ఏమీ పండించలేకపోయాను. మా కంచెకు అవతల, మా ఇంటికి వీపు తిప్పి నిలబడ్డట్టు, వెనక వీధి ఇల్లు. దాని పెరడు ఉత్తరానికి. నాకు దక్కాల్సిన ఎండంతా అక్కడ ఖాళీ నేల మీద పడి వృథాగా పోతుంటే, బకెట్ బోర్లించి ఎక్కి కంచె మీదుగా చూస్తూ కుళ్ళుకునేదాన్ని. ఆ ఇంట్లోకి నల్గొండ నుంచి వచ్చిన జంట దిగిన మొదటి వారంలోనే, ఆమె నన్ను అలా బకెట్ మీద పట్టుకుంది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. దొంగను చూసినట్టు కాకుండా, చుట్టాన్ని చూసినట్టు నవ్వి, "చాయ్ తాగుతవా అక్కా?" అంది.

ఆ వేసవికల్లా మా ఇద్దరి ఇళ్ళవాళ్ళూ కలిసి కంచెలో మూడు చెక్కలు ఊడదీసి దారి చేశారు. తొమ్మిదేళ్ళపాటు ఆమె మా ఇంటికి గానీ, నేను ఆమె ఇంటికి గానీ వీధి గుమ్మంలోంచి వెళ్ళింది లేదు. మా ఆయన తను పనిచేసే కంపెనీలోనే ఆమె భర్తకు ఉద్యోగం చెప్పించాడు. ఇద్దరూ ఒకే కారులో ఆఫీసుకు వెళ్ళొచ్చేవారు. ఇక మా పంపకం సులువైనది: నారు మాది, నేల వాళ్ళది. మా ఇంట్లో బట్టలుతికే గది గోడకు అవతలే వేణ్ణీళ్ళ యంత్రం ఉంది. ఆ గోడ చలికాలంలో కూడా పిల్లి పొట్టలా వెచ్చగా ఉంటుంది. దాని వారగా బల్ల వేసి, ఏడాది పొడుగునా దాచిన పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, మెత్తటి మట్టి నింపి, రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానిన గింజలు నేను ఒక్కొక్కటే దించేదాన్ని. ఐస్‌క్రీం పుల్లల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు ఆమె రాసేది. పేర్లు కూడా అలాంటిలాంటివి కావు. లావుగా కాసే టమాటాకు వాళ్ళ మేనత్త పేరు, మంటెత్తించే మిరపకు మా ఆడపడుచు పేరు. తడి మట్టి వాసన, డ్రయర్‌లోంచి తీసిన దుప్పట్ల వాసన కలిసిన ఆ గదిలో మేం మాట్లాడుకోని విషయం లేదు. పిల్లలు కలగలేదన్న దుఃఖం ఆమె ఆ బల్ల దగ్గరే నాతో చెప్పుకుంది. మా అమ్మ పోయిన వార్త వచ్చినప్పుడు నేను ఏడ్చిందీ అక్కడే.

మూడేళ్ళ క్రితం మే నెలలో మా ఆయనకు కంపెనీవాళ్ళు దేశానికి అటు చివరనున్న పెర్త్‌లో పెద్ద పదవి ఇస్తామన్నారు. పెర్త్ అంటే ఆయనకు మంచి పదవి ఒక్కటే కాదు. ఆయన ఒక్కగానొక్క చెల్లెలు అక్కడ పియారా వాటర్స్‌లో ఉంది. ఆ మిరపకాయ ఆడపడుచే. అన్నాచెల్లెళ్ళు ఒక ఊళ్ళో ఉండి ఇరవై ఏళ్ళయింది. ఆయన బయటికి ఎక్కువ చెప్పడు గానీ, ఆ వారమంతా ఫోన్లో అక్కడి ఇళ్ళ బొమ్మలు చూస్తూ గడిపాడు. ఈ కబురు నేను వెనకింటికి మోసుకెళ్ళాను. ఆమె వంటింట్లో పిండి కలుపుతోంది. పిండి చేతులతోనే కుర్చీలో కూలబడి ఏడ్చింది. "నువ్వు పోతే నేనెట్ల ఉండాలె అక్కా? ఈ దేశంల నాకెవరున్నరు నువ్వు దప్ప" అంది. ఇంత వయసొచ్చాక, నేను లేకపోతే బతకలేనన్న మనిషి ఒకరున్నారంటే మనసు కరగకుండా ఉంటుందా? ఆ సాయంత్రం మా ఆయనతో, నాకు ఈ ఊరు వదలాలని లేదన్నాను. కారణం అడక్కుండా ఫోన్ బోర్లించి పెట్టి, పచ్చికకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయాడు. వెళ్ళనని ఆఫీసులో చెప్పేశాడు.

ఊరు వదలక్కర్లేకపోయిందన్న కృతజ్ఞతలో కాబోలు, ఆ ఏడు నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఎప్పుడూ నలభై డబ్బాలతో ఆగేదాన్ని, డెబ్బై పెట్టాను. టమాటాలో నాలుగు రకాలు, మిరపలో మూడు, బజ్జీ మిరప వేరే. ఆమె రోజూ వచ్చేది. పుల్లల మీద పేర్లు రాసేది. ఒకటి రెండుసార్లు ఈసారి ఎన్ని వరసలు వేద్దామే అని అడిగితే, "ఎన్నన్న పెట్టు అక్కా, నీ ఇష్టం" అంది. మునుపైతే నాతో పోట్లాడేది. తోటకూరకు చోటుంచాలని పట్టుబట్టేది. పెద్దరికం ఇస్తోందనుకున్నాను. ఒకసారి, ముడుచుకున్న మిరప మొలక నడుం విరుచుకుని రెండాకులు విప్పడం ఇద్దరం వంగి చూస్తుంటే ఆమె కళ్ళు చెమర్చాయి. మట్టి దుమ్మేమోనని నా కొంగు అందించాను.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున నారుకు నీళ్ళు చిలకరిస్తుంటే పెరట్లోంచి సుత్తి దెబ్బలు వినబడ్డాయి. కిటికీలోంచి చూస్తే కంచె దారిలో ఎవరో వడ్రంగి, కొత్త చెక్క అడ్డంగా పెట్టి మేకులు కొడుతున్నాడు. చేతిలో చెంబుతోనే పరిగెత్తాను. పొరబాటు పడ్డావు, అది మేం కావాలని పెట్టుకున్న దారి అని చెప్పాను. పెద్దాయన, మర్యాదస్తుడు. మేకు నోట్లోంచి తీసి, ఇల్లు అమ్మకానికి పెడుతున్నారనీ, శనివారం జనం చూడటానికి వస్తారనీ, కంచె సరిచేయమని ఇంటివాళ్ళే పిలిపించారనీ చెప్పాడు. "సారీ, లవ్. ఐ థాట్ యూ న్యూ" అన్నాడు. ఇంకో రెండు చెక్కలే మిగిలాయి. అవి కొట్టేదాకా అక్కడే నిలబడి చూశాను. అమ్మకం బోర్డు వెనక వీధిలో అప్పటికే నాలుగు రోజులుగా ఉందట. ఆ వీధిలో కుక్కను తిప్పే ప్రతివాడికీ తెలుసు. నేను ఆ వీధిలోకి ఎన్నడూ వెళ్ళలేదు కదా, నాకు కంచెలో దారి ఉండగా.

ఆ మధ్యాహ్నం మలుపు తిరిగి, వీధంట నడిచి వెళ్ళి వాళ్ళ తలుపు తట్టాను. తలుపు తీసి నన్ను చూడగానే తల దించుకుంది. ఎక్కడికని అడిగాను. పెర్త్ అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. వాళ్ళాయనకు ఉద్యోగం వచ్చిందట. ఏ ఉద్యోగమని అడిగాను. ఆమె గుమ్మం చెక్క గోటితో గీకుతూ నిలబడింది.

"మీరు వద్దనుకున్నరు గద అక్కా. జాగ ఖాళీ ఉన్నది గదా అని ఆయన పెట్టుకున్నడు."

"ఎప్పటినుంచే తెలుసు నీకు?"

"జూన్ల పెట్టుకున్నడు. జూలైల ఖాయమైంది."

జూలై. అంటే మొదటి గింజ మట్టిలో దించకముందే. డెబ్బై డబ్బాలకు డెబ్బై పుల్లల మీద పేర్లు రాసిన చేతికి, ఆ మొక్కలు తన నేలలో ఎదగవని తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగాను. అరవలేదు. అరిచే శక్తి ఉంటే బాగుండేదేమో.

"చెప్దామనే అనుకున్న అక్కా. నువ్వు గింజలు పెట్టుకుంట మస్తు సంబురంగ ఉన్నవు. నోరు రాలే" అంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఇద్దరూ ఒకే కారులో వెళ్ళొస్తున్నా, వాళ్ళాయన ఈయనకూ నోరు విప్పలేదు. ఆయన విన్నాడు. నా మాట మీద తను వదులుకున్నది, నన్ను ఆపినవాళ్ళే అందుకున్నారని గ్రహించడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం ఆయన ముఖంలోకి నేను చూడలేకపోయాను. కోపగించుకుంటే కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. కోపగించుకోలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు నేను నారు గదిలోకి అడుగు పెట్టలేదు, ఎండిపోతే పీడాపోతుందనుకున్నాను. అయిదో రోజు దుప్పట్లు ఉతకాల్సి వచ్చి వెళితే మొక్కలు జానెడేసి నవనవలాడుతున్నాయి. పచ్చికకు తప్ప దేనికీ చుక్క నీరు పోసి ఎరగని మనిషి, ఆఫీసుకు వెళ్ళేముందు రోజూ వాటికి నీళ్ళు పోస్తున్నాడు.

అక్టోబరులో వాళ్ళు వెళ్ళిపోయే రోజున మా వీధి గుమ్మం బెల్లు మోగింది. ఆ బెల్లు ఆమె నొక్కడం అదే మొదలు. తలుపు అద్దంలోంచి ఆమె చీర రంగు గుర్తుపట్టి, మెల్లగా వెనక్కి నడిచి నారు గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. మూడుసార్లు మోగింది. మూడోసారికీ నాలుగోసారికీ మధ్య వెళదామనే అనుకున్నాను, కానీ నాలుగోసారి మోగలేదు. కారు వెళ్ళిన చప్పుడయ్యాక తీస్తే గడప మీద ఎప్పుడో నేను వాళ్ళింటికి పంపిన మా స్టీలు డబ్బా, నిండా సకినాలు. నేను ముట్టలేదు. మా ఆయన వారం రోజులు కాఫీతో నంజుకున్నాడు. ఒకరోజు బాగా చేసిందని అనబోయి, నన్ను చూసి, మిగతా సగం సకినంతో పాటు మింగేశాడు.

ఆమె నేల కొన్నవాళ్ళు దాన్నంతా కాంక్రీటు చేయించారు. నవంబరు వచ్చింది, గుర్రప్పందాల సెలవు వచ్చింది, నాటడానికి చోటు లేక మొక్కలు డబ్బాల్లో వేళ్ళు చుట్టుకుంటున్నాయి. ఆ సెలవు రోజు పొద్దున నేను లేచేసరికి మా ఆయన వాకిట్లో పార పట్టుకుని, పదకొండేళ్ళు పెంచిన పచ్చికను చాప చుట్టినట్టు చుట్టి పక్కన పడేస్తున్నాడు. చెమటలు కక్కుతూ, నా వైపు చూడకుండానే, "మిరప ఎంత దూరం దూరం పెట్టాలి?" అన్నాడు. మోచేతి పొడుగు అన్నాను. అప్పటినుంచీ మా టమాటాలు వీధి మొహానే కాస్తున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. కొందరు అడిగి కోసుకుంటారు, కొందరు అడక్కుండా.

మూడేళ్ళయింది. పండగలకు ఆమె నుంచి సందేశం వస్తుంది, నేను ఒక్కోసారి ఒక దండం బొమ్మ పంపుతాను. మా ఆడపడుచు ఇంటికి ఆమె ఇల్లు రెండు వీధుల అవతలేనట. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారట. మే నెలలో పిండి చేతులతో ఆమె ఏడ్చిన ఏడుపు నిజమైనదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. అంతవరకు రావడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆగస్టు నెలంతా నా పక్కన కూర్చుని ఆమె చెప్పకుండా ఉన్న మాటను మన్నించేదాకా మాత్రం ఇంకా రాలేదు. దానికి ఎన్నేళ్ళు పడుతుందో, నా దగ్గర అన్నేళ్ళు ఉన్నాయో లేదో తెలియదు.