రెండు నిమిషాల్లో అత్తగారు

నగర గ్రంథాలయంలో ఆమెను అందరూ వెబ్ మేడమ్ అంటారు. చదివింది చరిత్ర. పెళ్లికి ముందు ఒక ప్రింటింగ్ షాపులో కరపత్రాలకు, విజిటింగ్ కార్డులకు పేజీలు కట్టే పని చేసింది. గ్రంథాలయానికి వెబ్‌సైటు పెట్టించాక, సెలవు ప్రకటన ఎక్కించడానికి కూడా బయటివాళ్ల గడ్డం పట్టుకోవాల్సి వస్తోందని పెద్దసారు ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నారు. పెద్దసారంటే గ్రంథాలయాధికారి. మనిషి పొట్టే గానీ కుర్చీ పెద్దది, అందుకే ఆ పేరు.

మెట్ల కింద విరిగిన కుర్చీలు పడేసే గదిని ఆమెకిచ్చారు. పైన పిల్లల విభాగం. పిల్లలు బిలబిలమంటూ దిగేటప్పుడు నెత్తిమీద గుర్రాలు పరిగెత్తినట్టుంటుంది. అప్పుడు రికార్డింగు ఆపేసి గోళ్లు చూసుకుంటూ కూర్చోవాలి. ఆ గదిలోనే ఆమె ఊళ్లోని పాత ఉద్యోగుల చేత వాళ్ల పని గురించి మాట్లాడించి, కత్తిరించి, వెబ్‌సైటులో పెట్టడం మొదలుపెట్టింది. మైకు కొత్తగా వచ్చినప్పుడు మొదట చేతికి దొరికిన మనిషి సొంత అత్తగారే. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. మాట్లాడమంటే చాలు, ఇక ఆపమనడమే కష్టం.

ఏటా ఒక ఇంటర్న్‌ను తీసుకునే వీలు దొరికాక వెబ్ మేడమ్‌కు కొత్త తలనొప్పి పట్టుకుంది. మొదట్లో అభ్యర్థులను ఇంట్లో చేసిన నమూనాలు పంపమనేది. అన్నీ ఒకేలా తళతళలాడుతూ వచ్చేవి. ఏది ఎవరు చేశారో, ఎవరి చేత చేయించుకున్నారో దేవుడికే తెలియాలి. అందుకని గదిలో తన కళ్లముందే కూర్చోబెట్టి పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. చెడిపోయిన వెబ్ పేజీ ఒకటి ఇచ్చి సరిచేయమనేది. కొన్ని ఫొటోలకు కింద వివరం రాయమనేది. చివరగా పదకొండు నిమిషాల రికార్డింగు ఇచ్చి, రెండు నిమిషాలకు కుదించమనేది. ఆ రికార్డింగు అత్తగారిదే. ఇంటి మనిషే కదా, అనుమతి అడగాల్సిన పనేముందనుకుంది. అందరి పనినీ తాను కత్తిరించి వెబ్‌సైటులో పెట్టిన రెండు నిమిషాల ముక్కతో పోల్చి మార్కులేసేది.

అలా ఆరేళ్లు గడిచాక ఒకసారి పరీక్షకు ఇద్దరు మిగిలారు. ఒకతను అప్పుడే కాలేజీ ముగించినవాడు, పెళ్లిళ్లకు వీడియోలు తీసిన అనుభవం ఉంది. కీబోర్డు మీద అతని వేళ్లు కనపడవు. రెండో ఆమె ముప్పై దాటిన మనిషి, మందుల షాపు కౌంటర్లో పనిచేస్తూనే ఈ పని నేర్చుకుంది. ప్రతిదీ రెండుసార్లు చూసుకుంటుంది. డాక్టర్ల చేతిరాతతో వేగి వేగి ఆ అలవాటు వచ్చిందని ఆమే చెప్పింది.

అదే రోజు అత్తగారు వీధి చివర కంటి డాక్టరు దగ్గరకు వచ్చింది. కంట్లో చుక్కల మందు వేయడంతో చూపు మసకగా ఉండి, ఒంటరిగా ఇంటికెళ్లలేక, కోడలితో కలిసి వెళ్దామని గ్రంథాలయానికొచ్చి వరండా బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి తలుపు వెనక తన గొంతు వినిపించింది. నవ్వింది కూడా తనే. మళ్లీ అదే మాట, మళ్లీ అదే నవ్వు. ఆవిడ లేచి తలుపు తోసింది.

"ఏమిటే అమ్మాయ్, నన్ను లోపల పెట్టుకుని తాళం వేశావా?"

వెబ్ మేడమ్‌కు విషయం చెప్పక తప్పలేదు. ఆరేళ్లుగా తన మాటల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు కత్తెర ఆడిస్తున్నారని విని అత్తగారు ముందు నోరెళ్లబెట్టింది. తర్వాత, సరే వినిపించండి అంటూ విరిగిన కుర్చీల్లో కాస్త నయంగా ఉన్నదాన్ని లాక్కుని కూర్చుంది.

మొదట కుర్రవాడిది పెట్టారు. సరిగ్గా రెండు నిమిషాలు. నది గట్టు తెగిన మధ్యాహ్నం సంగతి అది. వాన చప్పుడు, సన్నగా సంగీతం, దాని మీద అత్తగారి గొంతు. 'పై ఊళ్లకు లైన్లన్నీ పోయాయి. లైను దొరికింది. ఇళ్లు ఖాళీ చేయమని చెప్పేశాను.' ఎక్కడా అతుకు కనపడలేదు. వెబ్ మేడమ్ మనసులో అప్పటికే మార్కులు వేసేసింది.

అత్తగారు మాత్రం ముందుకు వంగింది. "లైను దొరికింది సరే. ఎవరికి దొరికింది? మధ్యలో మనిషేది?"

అసలు రికార్డింగులో ఆ రెండు వాక్యాల నడుమ చాలా కథ ఉంది. లైన్లు పోగానే అత్తగారు చేతులెత్తేసింది. పక్క సీటు ఆవిడే, మిల్లు ఊరి ఎక్స్ఛేంజి మీదుగా చుట్టు తిప్పి చూద్దామంది. చూసి, కలిపింది కూడా ఆవిడే. అత్తగారు ఆ లైను మీద మాట్లాడిందంతే. కానీ ఆవిడ గురించి చెబుతూ చెబుతూ అత్తగారు ఆవిడ కుర్చీ కిర్రుమనడం, మధ్యాహ్నం పూట ఆవిడ తీసే కునుకులు, ఆవిడ అల్లిన మేజోళ్లు, ఒకటేమిటి, అన్నీ కలిపేసింది. వినేవాళ్లకు అది సోదిలా అనిపించడంలో వింతేమీ లేదు. అంతకుముందు వచ్చిన ప్రతి అభ్యర్థీ మొదట అక్కడే కత్తెర పెట్టాడు. వాళ్లకంటే ముందు వెబ్ మేడమ్ కూడా అక్కడే పెట్టింది.

"మరి నువ్వు వెబ్‌సైటులో పెట్టిన దాంట్లో ఆవిడ ఉందా?" అని అత్తగారు అడిగింది.

లేదని కోడలు చెప్పింది.

పక్క సీటు ఆవిడ అత్తగారి పాత స్నేహితురాలు. ఆవిడ కొన్ని నెలలుగా ఫోన్ చేయడం మానేసింది. ఈ మధ్య ఆవిడ కూతురు ఎక్కడో కనపడి, వెబ్‌సైటులో మీ మాటలు ఈ ఏడే విన్నాం, మా అమ్మ ఊసే లేదేం ఆంటీ అని నిష్ఠూరంగా అడిగితే, "నేను చెప్పాను, నువ్వే సరిగా విని ఉండవు" అని అత్తగారు గట్టిగా కసురుకుంది. ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరు పరాయివాళ్ల ముందు చెప్పింది.

తర్వాత మందుల షాపు ఆమెది పెట్టారు. రెండు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. సంగీతం లేదు, ఒకచోట గొంతు టక్కుమని తెగింది. కానీ పక్క సీటు ఆవిడ ఉంది. ఎందుకు కత్తిరించలేదని వెబ్ మేడమ్ అడిగితే, "తీసేసి విన్నాను మేడమ్. అర్థం మారిపోయింది. మందు మార్చి ఇచ్చినట్టు అనిపించింది" అంది.

కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. కుదించమన్నారు కాబట్టి కుదించానన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. పరీక్ష అడిగింది అంతే. వెబ్ మేడమ్ ఆలోచించి, మర్నాడు ఇద్దరూ మళ్లీ రావాలని, ఎవరి ముక్క వాళ్లు దిద్ది, అందులో మాట్లాడిన అత్తగారికే వినిపించాలని చెప్పింది. పెద్దసారుకు ఈ కబురు చేరితే, మీ అత్తగారు ఏ హోదాలో పరీక్షాధికారి అయ్యారని అడిగారు. ఆవిడ హోదా ఇంట్లోనే తేలలేదు సార్, ఆఫీసులో ఎలా తేలుస్తామని ఈమె అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు కుర్రవాడు అద్భుతంగా చేశాడు. కునుకులూ మేజోళ్లూ పోయాయి, పక్క సీటు ఆవిడ మాత్రం నిలబడింది. మొత్తం రెండు నిమిషాలే. అత్తగారు మురిసిపోయింది. మందుల షాపు ఆమె తన ముక్కను ఎంత తగ్గించినా ఇంకా పది సెకన్లు ఎక్కువే ఉంది. మేజోళ్లు తీయబుద్ధి కాలేదంది.

ఇంటికెళ్లే దారిలో అత్తగారు తన తీర్పు చెప్పేసింది. "ఆ అబ్బాయికివ్వు. చెప్పగానే దిద్దుకున్నాడు. పైగా నా గొంతు బాగుంది."

"నిన్న మీరు రాకపోతే దిద్దుకునేవాడా అత్తయ్యా? మీరు రోజూ రారుగా" అంది కోడలు.

"ఆ పిల్ల నత్తనడకేం చేస్తావు?"

"వేగం నేర్పుకుంటాను."

ఉద్యోగం మందుల షాపు ఆమెకే ఇచ్చింది. అత్తగారు రెండు రోజులు మూతి ముడుచుకుంది. కాఫీ కప్పు కోడలికి అందించకుండా బల్ల మీద పెట్టి వెళ్లేది. కొడుకు ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియను, ఇంట్లో తగువుల్లో మాత్రం వేలు పెట్టడు. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కుర్రవాడికి వెబ్ మేడమ్ స్వయంగా ఫోన్ చేసి, ఎందుకు ఇవ్వలేదో దాచకుండా చెప్పి, తనకు తెలిసిన ఒక ఎఫ్.ఎం. స్టేషనుకు అతని గురించి రాసింది. వాళ్లు వెంటనే తీసుకున్నారు. అత్తగారికి ఆ వార్త చెప్పాక కాఫీ మళ్లీ చేతికొచ్చింది.

కొత్త ఇంటర్న్ మొదటి వారం చేసిన పని వెబ్‌సైటులోని పాత ముక్కను తీసేసి, పక్క సీటు ఆవిడ ఉన్నదాన్ని పెట్టడం. నిడివి ఎంతున్నా ఫరవాలేదని వెబ్ మేడమ్ చెప్పడంతో మేజోళ్లు కూడా తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం అత్తగారు గది తలుపు వేసుకుని స్నేహితురాలికి ఫోన్ చేసింది. మొదట బయటికి ఏ మాటా వినిపించలేదు. కాసేపటికి ఆవిడ గొంతు మామూలుగా లేచింది. బయటికొచ్చి, దాని మోకాలికి ఆపరేషను అయిందట, నాకొక్కరూ చెప్పలేదు, ఆదివారం నన్ను అక్కడ దింపాలి అని కొడుకుతో అంది. ఇంకేం మాట్లాడుకున్నారో చెప్పలేదు, కోడలు అడగలేదు.

ఆ తర్వాత పరీక్షలో వేరే రికార్డింగు వాడుతున్నారు. మాట్లాడిన మనిషిని కూడా పిలిచి, చివర్లో వినిపిస్తున్నారు. కొందరు వస్తారు, కొందరికి తీరిక ఉండదు. మందుల షాపు ఆమె నిదానం మీద పెద్దసారు మొదట్లో రెండు మూడుసార్లు విసుక్కున్నారు. అయినా ఆమె పెట్టినదాన్ని తప్పని ఎవరూ వెనక్కి పంపలేదు కాబట్టి, గడువు ముగిశాక మరో ఏడాది ఉంచుకున్నారు. వేగం మాత్రం అనుకున్నంత పెరగలేదు.